ఫుజైరా సముద్రంలో దొరికిందన్న జర్మన్ హెల్మెట్: కొనే ముందు లోపల చూడండి

ఈ వారం ఎపిసోడ్‌లో హెల్మెట్ చేతిలో పట్టుకుని టకటకా కొట్టి శబ్దం వినిపించాను. విన్నవాళ్ళు చాలామంది "నువ్వు చూపించేది మాకెట్ల కనబడుతదన్నా" అని నవ్వారు. నిజమే. చెవికి అందనివన్నీ ఇక్కడ రాస్తున్నాను. మాటల తొందరలో వదిలేసినవి కూడా కలిపాను.

సంగతి ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. ముసఫ్ఫాలో స్కాఫోల్డింగ్ పని చేసే తమ్ముడొకరు పంపాడు. "అన్నా, గీ హెల్మెట్ హిట్లర్ జమానాదట. ఫుజైరా సముద్రంల మునిగిన జర్మనీ సబ్‌మెరైన్ల నుంచి తీసిండ్రట. మూడున్నర వేలకిస్తనంటుండు. ఇండియల అమ్మితె ఇరవై లక్షలొస్తయంటుండు. రూంల నలుగురం కలిసి పైసలు జమ చేసినం. ఐదొందలు అడ్వాన్సు గూడ ఇచ్చినం. కొనాల్నా వద్దా, జర చెప్పన్నా."

వెనక రెండు ఫోటోలు. ఆకుపచ్చ రంగు, పక్కన గద్ద బొమ్మ, నుదుటి మీద తుప్పు. చూడ్డానికి సినిమాలో ఉన్నట్టే ఉంది.

అతని జీతం 1,200 దిర్హాములు. 3,500 అంటే తిండీ, ఇంటికి పంపేదీ అన్నీ ఆపుకుంటే దాదాపు మూడు నెలల జీతం. నవంబరులో చెల్లె పెళ్ళి. అందుకే "అయ్యో, గివన్నీ దొంగ మాటలు" అని ఒక్క ముక్కలో కొట్టిపారేయలేకపోయాను. ఇంకో కారణం కూడా ఉంది. నేనూ ఒకటి కొన్నాను.

నేను షార్జాలో కార్ల గ్యారేజీలో పెయింటర్‌ని. డెంటింగ్ అయిన బండికి పుట్టీ పెట్టడం, ప్రైమర్ కొట్టడం, రంగు కలపడం, ఇదే పని పన్నెండేళ్ళుగా. 2018లో ఒక పాత సామాన్ల దుకాణంలో ఇసుక రంగు జర్మన్ హెల్మెట్ 1,100 దిర్హాములకు తీసుకున్నాను. రోమెల్ సైన్యానిదన్నాడు. తన తాత ఈజిప్టులో బ్రిటిష్ వాళ్ళ క్యాంపులో వంటవాడన్నాడు, ఎడారిలో ఏరుకొచ్చాడన్నాడు. చాయ్ కూడా తాగించాడు. వారం తర్వాత రూంలో ఊరికే కూర్చుని థిన్నర్ గుడ్డతో లోపలి మూల ఒకచోట తుడిచాను. ఇసుక రంగు కింద బూడిద రంగు ప్రైమర్ బయటపడింది. మేము రోజూ టయోటాలకు కొట్టే రకం ప్రైమర్! రోజంతా రంగు చూసే మనిషిని, ఆ దుకాణంలో రంగు చూడ్డం మరిచిపోయి తాత కథ వింటూ కూర్చున్నాను. ఆ హెల్మెట్ ఇప్పటికీ మా రూంలో ఉంది. ఉల్లిగడ్డలు వేస్తాం అందులో.

ఆ దెబ్బ తర్వాతే ఈ హెల్మెట్ల గురించి పట్టుబట్టి తెలుసుకున్నాను. నేను మ్యూజియం మనిషిని కాదు, రంగు మనిషిని. కాబట్టి పెయింటర్ కంటితో చూసినట్టే చెబుతాను.

ముందు ఆ సబ్‌మెరైన్ సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే అది అబద్ధం కాదు. ఈ రకం కథల బలమే అది, మధ్యలో ఒక నిజం ఉంటుంది. జర్మన్ సబ్‌మెరైన్ యూ-533 నిజంగానే ఒమాన్ గల్ఫ్‌లో మునిగింది. 1943 అక్టోబరు 16న బ్రిటిష్ వైమానిక దళం 244 స్క్వాడ్రన్‌కు చెందిన బిస్లే విమానం దాని మీద బాంబులు వేసింది. ఆ స్క్వాడ్రన్ ఉన్నది మన షార్జాలోనే. 1932లో కట్టిన ఆ పాత ఎయిర్‌పోర్టే ఇప్పుడు మహత్తా మ్యూజియం. దాని రన్‌వే ఉన్నచోటే ఇప్పుడు కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్ ఉంది, మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోడ్డు. సబ్‌మెరైన్‌లో ఉన్నవాళ్ళలో 52 మంది చనిపోయారు. బతికింది ఒకే ఒక్కడు. లైఫ్ జాకెట్ కూడా లేకుండా 28 గంటలు ఈదాడు. ఖోర్‌ఫక్కాన్ దగ్గర అతన్ని కాపాడింది హీరావతి అనే ఓడ, అప్పటి రాయల్ ఇండియన్ నేవీది. అంటే మనవాళ్ళ ఓడే. ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

2009లో దుబాయ్ డైవర్లు ఆ శిథిలాన్ని కనిపెట్టారు. ఫుజైరా తీరానికి చాలా దూరంలో, 100 మీటర్లకు మించిన లోతులో ఉంది. మామూలుగా సరదాకి డైవింగ్ చేసేవాళ్ళ హద్దు 40 మీటర్లు. అంత లోతుకు వెళ్ళడానికి ప్రత్యేకమైన గ్యాస్, ప్రత్యేకమైన శిక్షణ కావాలి. అక్కడికి వెళ్ళివచ్చినవాడు ముసఫ్ఫాలో వాట్సాప్ మీద హెల్మెట్ అమ్ముకుంటూ కూర్చోడు. పైగా 52 మంది సమాధి అది. ఒకవేళ తెచ్చాడే అనుకుందాం. మిల్లీమీటరు మందం ఇనుప రేకు 80 ఏళ్ళు గోరువెచ్చని ఉప్పునీళ్ళలో ఉంటే ఏమవుతుంది? జెట్టీ దగ్గర పని చేసేవాళ్ళు చెప్పండి. గవ్వలూ గుల్లలూ పట్టి, పట్టుకుంటే పెచ్చులుగా రాలుతుంది. తమ్ముడు పంపిన ఫోటోలో రంగు ఉంది, గద్ద బొమ్మ ఉంది, లోపల తోలు కూడా కనబడుతోంది. అది సముద్రం చూసిన వస్తువు కాదు.

ఇసుక రంగు కథ కూడా అంతే. రోమెల్ సైన్యం 1941 ఫిబ్రవరిలో లిబియాకు వచ్చి, 1943 మేలో ట్యునీషియాలో లొంగిపోయింది. ఆ ఎడారి వేరు, మన ఎడారి వేరు. జర్మన్ కాల్బలం అరేబియా ఇసుకలో అడుగు పెట్టలేదు. ఇక్కడ ఇసుక ఉంది కాబట్టి ఇసుక రంగు హెల్మెట్ నమ్మించడం తేలిక, అంతే.

అట్లని మన చేతికి అసలుది ఎప్పుడూ రాదని కాదు. ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో జర్మన్లతో పోరాడిన వాళ్ళలో భారత సైనికులు లక్షల్లో ఉన్నారు, మద్రాస్ సాపర్స్‌లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం అని ఊరే ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఇంట్లో అటక మీద ఒక హెల్మెట్, దాంతో పాటు తాత డిశ్చార్జి కాగితం, ఆయన యూనిఫాంలో దిగిన ఫోటో దొరికితే, అప్పుడు కథకు కాగితం తోడుంది. కాగితం లేని కథకు ఒక్క దిర్హాం కూడా ఎక్కువ ఇవ్వకండి. ఇనుముకు ఎంతో అంతే.

సరే, ఇనుము దగ్గరికి వద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ సైనికులకు తోలు టోపీలే ఉండేవి, నెత్తిన మొలలాంటి కొమ్ముతో. తుపాకీ గుండ్ల కంటే ఫిరంగి పెంకులు తలల్ని ఎక్కువ పగలగొడుతుంటే, హనోవర్‌కు చెందిన ఫ్రీడ్రిష్ ష్వెర్డ్ అనే ఇంజనీరు ఉక్కు హెల్మెట్ రూపొందించాడు. 1916లో వెర్డన్ యుద్ధం నాటికి సైనికులకు అందింది. దాన్ని ఎం16 అంటారు. గుర్తు పట్టడం తేలిక, రెండు కణతల దగ్గర బొడిపెల్లాంటి లావు గొట్టాలు బయటికి పొడుచుకొని ఉంటాయి. గాలి ఆడడానికీ, ముందు అదనపు ఇనుప పలక తగిలించడానికీ అవి. 1935లో చిన్నది, తేలికైనది వచ్చింది, ఎం35. ఆ తర్వాత ఎం40, ఎం42. అమ్మకానికి మన ముందుకొచ్చేవి ఎక్కువగా ఈ మూడే.

ఈ మూడింటి తేడా ఒక్కసారి పట్టుకుంటే, దొంగ సరుకులో సగం అక్కడే పట్టుబడుతుంది. ఎం35కి అంచు లోపలికి మడిచి ఉంటుంది, మన స్టీలు గిన్నె అంచులాగా. పక్కల ఉన్న గాలి రంధ్రాల్లో చిన్న రింగులాంటి ముక్క విడిగా బిగించి ఉంటుంది. ఎం40కి కూడా అంచు మడతే, కానీ గాలి రంధ్రం రింగు విడిగా ఉండదు, రేకులోనే ప్రెస్‌లో ఉబ్బెత్తుగా కొట్టేశారు. ఒక పని తగ్గింది. 1942కి వచ్చేసరికి అంచు మడవడం కూడా మానేశారు. ఎం42 అంచు కోసిన రేకులాగే ఉంటుంది, కొద్దిగా బయటికి తిరిగి. యుద్ధం ముదిరేకొద్దీ ఖర్చు తగ్గించుకుంటూ వచ్చారు. కాంట్రాక్టు చివరి నెలల్లో మన కంపెనీలు బాత్రూం టైల్స్ రకం మార్చినట్టే. కాబట్టి కోసిన అంచు ఉండి, గాలి రంధ్రానికి విడి రింగు ఉందంటే అనుమానించండి. రెండు వేరు కాలాల పనులు ఒకే డొప్ప మీద కలవకూడదు.

ఇప్పుడు హెల్మెట్ తిరగెయ్యండి. అమ్మేవాడు బయట వైపు చూపిస్తాడు, మీరు లోపలే చూడండి. ఎడమ వైపు లోపలి గోడ మీద ఫ్యాక్టరీ గుర్తూ సైజూ కలిపి పంచ్ కొట్టి ఉంటుంది. ఈటీ 64, క్యూ 66, ఎన్ఎస్ 62 ఇలా, జర్మన్ అక్షరాల్లో. ఈటీ అంటే థాలె ఊరి ఫ్యాక్టరీ, క్యూ అంటే క్విస్ట్ కంపెనీ, ఈఎఫ్ అంటే ఫుల్డా, ఎస్ఈ అంటే లౌటర్ ఊరిది. యుద్ధం మధ్యలో పేర్లు దాచడానికి కోడ్లు మార్చారు. థాలె సీకేఎల్ అయింది, లౌటర్ హెచ్‌కేపీ అయింది. మెడ వెనక వైపు లోపల ఇంకో అంకె ఉంటుంది, అది లాట్ నంబరు. కొన్నింట్లో రెండూ వెనక వైపే ఉంటాయి.

అసలు పరీక్ష ఇక్కడుంది, పెయింటర్లకు వెంటనే అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో ముందు పంచ్ కొట్టి, తర్వాత రంగు వేశారు. అంటే ఆ అక్షరాల గుంటల్లోపల కూడా పాత రంగు నిండి ఉండాలి. పంచ్ రంగును చీల్చుకుని పోయి, గుంట అడుగున మెరిసే ఇనుము కనబడిందంటే, రంగు తర్వాత కొట్టిన పంచ్ అది. నిన్నో మొన్నో కొట్టింది. అసలు పంచే లేదంటే? అమ్మేవాడు "తుప్పులో పోయింది" అంటాడు. డొప్ప మీద గద్ద బొమ్మ ఈకలతో సహా మిగిలి, లోతుగా కొట్టిన పంచ్ మాత్రం తుప్పులో పోవడం ఎట్లా?

సైజు అంకె ఊరికే లేదు. లోపల తోలు బిగించే బద్దీ ఉంటుంది చూడండి, దాని మీద కూడా సైజు ఉంటుంది. డొప్ప 64 అయితే తోలు సైజు 56 గానీ 57 గానీ. డొప్ప 66 అయితే 58, 59. డొప్ప అంకెలోంచి 7 గానీ 8 గానీ తీసేస్తే తోలు అంకె రావాలి. ఈ లెక్క కుదరలేదంటే డొప్ప ఒకచోట, తోలు ఒకచోట దొరికినవి జత చేశారన్నమాట. అది మోసమే కానక్కర్లేదు, సైన్యంలోనే మార్చి ఉండొచ్చు, కానీ ధర తగ్గాలి.

ఆ బద్దీ మొదట్లో అల్యూమినియంతో చేశారు. విమానాలకు అల్యూమినియం కావాల్సి వచ్చాక, సుమారు 1940 నుంచి జింకు పూత పూసిన ఇనుము వాడారు. మీ దగ్గర ఫోన్ కవర్ అయస్కాంతం ఉంటే చాలు. ఎం35 అని చెబుతూ బద్దీకి అయస్కాంతం అతుక్కుంటే, మార్చారా అని అడగండి. తోలు ఎనిమిది నాలుకల్లాగా కోసి, పైన దారంతో గుంజి కట్టి ఉంటుంది. మొత్తం లోపలి సరంజామాను డొప్పకు పట్టి ఉంచేవి మూడు స్ప్లిట్ పిన్నులు, ముందు రెండు పక్కల రెండు, వెనక ఒకటి. నాలుగో పిన్ను కనబడితే ఇక ఏమీ చూడక్కర్లేదు, దండం పెట్టి వచ్చేయండి.

తోలు వాసన చూడండి. సిగ్గుపడకండి. 80 ఏళ్ళ తోలు చెమట, దుమ్ము, పాత పెట్టె వాసన వేస్తుంది. కొత్త చెప్పుల దుకాణం వాసన వేస్తే కొత్తదే. చాయ్ డికాషన్‌లో నానబెట్టి ముదురు రంగు తెస్తారు, కానీ మడతల్లో వేలితో విరిస్తే లోపల లేత రంగు బయటపడుతుంది.

ఇక రంగు. ఇక్కడ నేను ఎంతసేపైనా మాట్లాడతాను. మా రూం వాళ్ళకు విసుగు.

నిజంగా వాడిన వస్తువు ఎక్కడ అరుగుతుందో అక్కడే అరుగుతుంది. హెల్మెట్ నేల మీద పెడతారు, కాబట్టి అంచు అరుగుతుంది. బోర్లా పెడితే నడినెత్తి అరుగుతుంది. చేత్తో పట్టుకునే ముందు చూరు అరుగుతుంది. పిన్ను తలలు అరుగుతాయి. పక్కన గూడులాగా లోతున్నచోట, మెడ వెనక వంపులో రంగు మిగులుతుంది. దొంగ హెల్మెట్‌కు ఎమరీ పేపర్ పట్టి రుద్దుతారు. చెయ్యి ఎక్కడికి తేలిగ్గా పోతే అక్కడ రుద్దుతారు. మొబైల్‌తో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, గీతలన్నీ ఒకే దిక్కుకు, సమానంగా కనబడతాయి. ఏళ్ళ తరబడి పడ్డ గీతలు అన్ని దిక్కులకూ, కొన్ని లోతుగా కొన్ని పైపైన ఉంటాయి.

తుప్పు కూడా అంతే. బండి డోరు కింద తుప్పు ఎట్లా వస్తుంది? రంగు కింద మొదలై, రంగును బుడగలాగా పైకి లేపుతుంది. ఉప్పునీళ్ళు, యాసిడ్ చల్లి తెప్పించిన తుప్పు రంగు మీద పౌడరులాగా పరుచుకుంటుంది, నారింజ రంగులో, వేలికి అంటుతుంది. పాత తుప్పు ముదురు గోధుమ రంగు, గట్టిగా పట్టుకొని ఉంటుంది.

రంగు పొరలు చూడండి. ఆఫ్రికాకు పోయిన హెల్మెట్లకు చాలావరకు ఉన్న రంగు మీదే ఇసుక రంగు వేశారు. చిన్న పెచ్చు లేచినచోట కింద ఆకుపచ్చో, వైమానిక దళానిదైతే నీలి బూడిదో కనబడాలి. నేను కొన్నదానిలో కనబడింది కార్ల ప్రైమర్. ఎం35 మొదట్లో నున్నటి ఆకుపచ్చ. 1940లో హుకుం మార్చారు, మెరుపు తగ్గించి గరుకు రంగు, పక్కనున్న నలుపు తెలుపు ఎరుపు షీల్డు తీసెయ్యాలి అని. 1943లో గద్ద బొమ్మ కూడా ఆపేశారు. కాబట్టి ఆర్మీ ఎం42 మీద మూడు రంగుల షీల్డు తళతళలాడుతుంటే, అమ్మేవాడికి చరిత్ర రాదన్నమాట.

ఆ బొమ్మలు చేత్తో వేసిన పెయింటింగ్ కావు, డెకాల్‌లు. తడిపి అతికించి, పైన వార్నిష్ పూసేవాళ్ళు. భూతద్దం కింద పాత డెకాల్ సన్నటి పగుళ్ళతో, కింది రంగులో కలిసిపోయినట్టు ఉంటుంది. కొత్తది కంప్యూటర్ ప్రింటు చుక్కలు చూపిస్తుంది, లేదా అంచు గోటికి తగులుతుంది. ముఖ్యంగా ఎస్ఎస్ దళం మెరుపు గుర్తు ఉన్నవి. అసలువి దొరకడం అరుదు, ధర ఎక్కువ, అందుకే ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ దొంగవి చేసేది వాటినే. మామూలు అసలు డొప్ప కొని, దాని మీద కొత్త డెకాల్ అతికించి ధర పెంచేవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు డొప్ప పరీక్షలన్నీ పాసవుతుంది, బొమ్మ ఒక్కటే అబద్ధం. ఇది పట్టుకోవడం నాలాంటివాడి వల్ల కాదు, ఏళ్ళ తరబడి చూసిన కలెక్టర్లే పొరపడతారు. ఎస్ఎస్ అంటూ ఎవరైనా మన దగ్గరికొస్తే నా సలహా ఒకటే, ముట్టుకోకండి.

ఇంకో చిట్కా. నోట్లు చూసే నీలం టార్చ్ ఉంటుంది చూడండి, ఎక్స్‌చేంజ్ కౌంటర్లలో, గ్రోసరీల్లో. చీకట్లో దాన్ని లోపలి దారం మీద, తోలు కుట్టు మీద వెయ్యండి. దారం తెల్లగా, పెళ్ళి పందిట్లో తెల్లచొక్కా మెరిసినట్టు మెరిస్తే, అది యుద్ధం తర్వాత వచ్చిన రసాయనాల పని. అయితే ఇదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పకండి. అసలుదాన్నే ఎవరైనా సర్ఫ్‌తో ఉతికినా మెరుస్తుంది.

మరి ఇవన్నీ పాసైనా జర్మన్ది కానివి ఉన్నాయి. ఆ ఆకారం చాలా దేశాలు వాడాయి. స్పెయిన్ దాదాపు అదే రూపంలో చేసుకుంది, కొన్నింటికి ముందు బ్యాడ్జి తగిలించే కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం కోసి, పుట్టీ పెట్టి, జర్మన్ రంగు వేస్తారు. నుదుటి దగ్గర లోపల వైపు వేలితో తడమండి, ఎగుడుదిగుడు తెలిసిపోతుంది. హంగరీ వాళ్ళ దానికి వెనక పట్టీ లాంటిది ఉంటుంది. ఫిన్లాండ్, చైనా జర్మనీలో తయారైనవే కొనుక్కున్నాయి. ఇక కొత్త నకళ్ళు చేసేవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ వైపు. సినిమాలకు, యుద్ధం వేషాలు కట్టేవాళ్ళకు నకలు అని చెప్పి చేస్తారు, అది తప్పు కాదు. అదే సరుకు నాలుగు చేతులు మారి, ఉప్పునీళ్ళలో మునిగి, ఎనభై ఏళ్ళ వయసు తెచ్చుకుని మన దగ్గరికి వస్తుంది. మన దేశం నుంచి వచ్చిన నకలును మనమే ఇక్కడ దిర్హాములు పోసి కొని, మళ్ళీ మన దేశానికే మోసుకుపోవడం! నేనూ ఆ లెక్కలోనే ఉన్నానేమో, ఎవరికి తెలుసు.

ఇప్పుడు ఇరవై లక్షల మాట. అసలైన మామూలు ఆర్మీ హెల్మెట్‌కు బయట దేశాల్లో కలెక్టర్లు వందల డాలర్లలో పెడతారు, మంచి స్థితిలో ఉన్న అరుదైనవి వేలల్లోకి పోతాయి. ఇరవై లక్షల రూపాయలంటే ఇరవై వేల డాలర్లకు పైన. ఆ ధర పెట్టే మనిషి ముందు కాగితాలు అడుగుతాడు, నిపుణుడితో చూపిస్తాడు. అమ్మడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఈబే 2001లోనే నాజీ గుర్తులున్న వస్తువుల్ని నిషేధించింది. జర్మనీలో ఆ గుర్తు బహిరంగంగా చూపించడమే నేరం, చదువు, పరిశోధన లాంటి పనులకు తప్ప. మన జగిత్యాలలోనో, కరీంనగర్‌లోనో కొనేవాడెవడు? అంత లాభముంటే అమ్మేవాడు తానే ఎందుకు అమ్ముకోడు?

రైస్ పుల్లింగ్ చెంబు, రెండు తలల పాము, ట్రాక్టర్ బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటు. ఇవన్నీ మన ఊళ్ళలో చూసినవే. పాత నోట్లు, నాణేల పేరుతో కమీషన్లు అడుగుతున్నారని 2021లో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించాల్సి వచ్చింది. ఈ హెల్మెట్ కూడా ఆ కుటుంబంలోదే, యూనిఫాం తొడుక్కొచ్చింది.

ఒక మాట పక్కన చెబుతాను. ఆ గుర్తు మన గడపల మీద వేసుకునే స్వస్తిక్ లాంటిదేలే అని కొందరు నవ్వుతూ హెల్మెట్ పెట్టుకుని స్టేటస్ పెడుతున్నారు. వద్దు. ఆ గుర్తు కింద అరవై లక్షల మంది యూదుల్ని చంపారు. ఈ దేశంలో విద్వేషాన్ని నేరంగా చూసే చట్టం 2015 నుంచే ఉంది. మన క్యాంపులో పది దేశాల మనుషులుంటారు. చరిత్ర వస్తువుగా ఇంట్లో దాచుకోవడం వేరు, తలకు పెట్టుకుని ఊరేగడం వేరు.

ఇప్పటికే డబ్బులు ఇచ్చినవాళ్ళు చాట్, ఆడియో, డబ్బు పంపిన రసీదు, ఫోటోలు ఏవీ తుడిచెయ్యకండి. దుబాయ్‌లో అయితే పోలీసుల 901కి ఫోన్ చేయొచ్చు, ఆన్‌లైన్ మోసాలకు వాళ్ళ ఈ-క్రైమ్ వేదిక ఉంది. మిగతా ఎమిరేట్ల వాళ్ళు దగ్గరి స్టేషన్‌కు వెళ్ళండి. కోపంలో అమ్మినవాడి ఫోటో, నంబరు గ్రూపుల్లో పెట్టి "దొంగ" అని రాయకండి. ఆన్‌లైన్‌లో పరువు తీయడం ఇక్కడ నేరం, 2021 సైబర్ చట్టంలో ఉంది. మోసపోయినవాడే కేసులో ఇరుక్కోవడం కంటే దారుణం ఉండదు.

ముసఫ్ఫా తమ్ముడి దగ్గరికి వస్తాను. అతనికి ఇంత పాఠం చెప్పలేదు. రెండే రెండు ఫోటోలు అడగమన్నాను. ఒకటి లోపల ఎడమ గోడ మీద పంచ్, రెండోది తోలు బద్దీ మీద అంకె. అమ్మేవాడు ముందు "చూపిస్తా భాయ్" అన్నాడట. ఒక రోజు గడిచాక గద్ద బొమ్మ ఫోటోనే మళ్ళీ పంపాడు, ఈసారి ఇంకా దగ్గరగా. మళ్ళీ అడిగితే "ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఇయ్యాల మిగతా మూడు వేలు పంపకపోతే వాళ్ళకిస్తా" అన్నాడు. "ఇచ్చుకొమ్మను" అన్నాను.

వాళ్ళు మూడు వేలు పంపలేదు. ముగ్గురు వాళ్ళ వాటా వెనక్కి తీసుకున్నారు. నాలుగో అతను మాత్రం ఇంకా తమ్ముడితో మాట్లాడటం లేదట, చేతికొచ్చిన అదృష్టాన్ని నీ పాడ్‌కాస్ట్ అన్న పోగొట్టిండని. ఐదొందల అడ్వాన్సు ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం సెలవు, ఇద్దరు కలిసి వెళ్ళి అడుగుతామన్నాడు. గొడవ పెట్టుకోవద్దని, చాట్ మొత్తం ముందే బ్యాకప్ తీసుకొమ్మని చెప్పాను.

మీ దగ్గరికి ఎవరైనా ఇలాంటిది తెస్తే, కొనకముందు ఆ రెండు ఫోటోలు, అంచు ఫోటో ఒకటి, గాలి రంధ్రం ఫోటో ఒకటి పంపండి. పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వద్దు. రాత్రి డ్యూటీ తర్వాత చూసి జవాబిస్తాను. కొన్న తర్వాత కూడా పంపొచ్చు. ఉల్లిగడ్డల బుట్టగా అయితే బాగానే పనికొస్తుంది, ఆ మాటకు నాదీ గ్యారంటీ.